చమురు క్యానులును, సేద్యగాని చిక్కులును

సేద్యపు పనిముట్లను గూర్చి వ్రాయువారు నాగలిని గూర్చి వ్రాయుదురు. గొఱ్ఱును గూర్చి, ట్రాక్టరును గూర్చి, కోతయంత్రమును గూర్చి వ్రాయుదురు. ఈ యంత్రములన్నిటికిని ఆహారమును మోసికొనిపోవు క్యానును గూర్చి వ్రాసినవారు మాకు కనబడలేదు. దమ్ము సాగుచుండగా ట్రాక్టరులో డీజిలు తఱిగిననాడు, బురదలో నిలిచి నిండు క్యానును ఎత్తి వంచినవాడెవ్వడును దానిని మెచ్చుకొనగా మేము వినలేదు. తిట్టగా మాత్రము పలుమారులు వింటిమి. కావున ఈ సంచికలో ఆ సామాన్యవస్తువును గూర్చియే కొంత విపులముగా వ్రాయదలచితిమి.

మన గ్రామములలో చమురు మోయవలసిన పని ఏటేట పెరుగుచునే యున్నది. కాలువ చివరి భూములవారు తమ వంతు నీరు అందనపుడు మురుగుకాలువ గట్టుపై డీజిలింజనును పెట్టి నీరు తోడుకొందురు. వరికోత యంత్రము చేనిలో దిగినపిదప చీకటి పడువరకు బయటికి రాదు గనుక దానికి డీజిలు చేనికే పోవలెను. తైవాను స్ప్రేయరునకును, గడ్డికోయు చేతియంత్రమునకును పెట్రోలు కావలెను; అది రెండు స్ట్రోకుల ఇంజనయినచో పెట్రోలులో నూనెను కూడ కొలతప్రకారము కలుపవలెను. బంకునకును పొలమునకును నడుమ ఈ పనులన్నియు క్యానుమీదనే ఆధారపడియున్నవి.

ఆ క్యాను ఎట్టిదని చూడబోయినచో, చాలమంది యిండ్లలో నున్నది చమురుకొఱకు చేసినది కానేకాదు. ఇంజనాయిలు వచ్చిన డబ్బా, వంటనూనె వచ్చిన క్యాను, గోడరంగు వచ్చిన బక్కెట, తుదకు కలుపుమందు వచ్చిన క్యాను! ఈ కడపటిదానిని గూర్చి ఒకమాట గట్టిగా చెప్పవలసియున్నది. మందు క్యానును ఎన్నిసారులు కడిగినను ప్లాస్టికు పీల్చుకొన్న మందు పూర్తిగా వదలదు. అందులో నేడు డీజిలు పోసినవాడు, రేపు డీజిలు అయిపోయినపుడు అదే క్యానుతో చేనికి మంచినీరు తీసికొనిపోవుట ఎఱుగనివారు మనలో లేరు. మందు అయిపోయిన క్యానును మూడుమారులు కడిగి, ఆ కడిగిన నీటిని స్ప్రేయరులోనే పోసి, క్యానునకు బెజ్జములు పొడిచి పాడుచేయవలెను. దానిని మరల ఏ పనికిని వాడరాదు. అట్లే సోడాసీసాలలోను, నీళ్లసీసాలలోను పెట్రోలుగాని కిరసనాయిలుగాని పోసి గూటిలో పెట్టుట మిగుల ప్రమాదకరము. దాహముగొన్న పసివానికి సీసాలోనిది ఏమో తెలియదు. వాడు త్రాగినది కడుపులోనికంటె ఊపిరితిత్తులలోనికి పోయినచో ఎక్కువ హాని. అందువలననే అట్టివానికి వాంతి చేయింపరాదనియు, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెననియు వైద్యులు చెప్పుదురు.

సరే, క్రొత్త క్యానునే కొందమని అంగడికి పోయినవానికి దొరకునది 5, 10, 20, 35 లీటర్ల కొలతలు గల ప్లాస్టికు క్యాను. పైన ఒక పిడి, ఒక మూలకు ఒక మూతి, దానికొక మరమూత. అందులో అంతకుమించి ఏమియు లేదు. రంగునకు కూడ అర్థము లేదు. అచ్చుపోసినవానికి ఆనాడు ఏ రంగు దొరకిన అదియే. అమెరికాలో పెట్రోలునకు ఎఱుపు, డీజిలునకు పసుపుపచ్చ, కిరసనాయిలునకు నీలము అని క్యానులకు రంగు వాడుక కలదు. మనవద్ద ఫినైలునకును డీజిలునకును ఒకటే తెల్లని క్యాను. లోపలిది తెలియవలెనన్న మూత తీసి వాసన చూడవలసినదే.

ఇక వంచి పోయుట. 20 లీటర్ల డీజిలు సుమారు 16 కిలోలకు పైబడి తూగును. దానిని రొమ్మెత్తునకు లేపి ట్యాంకు మూతికెదురుగా వంచవలెను. ఒక చేయి పిడిమీద, రెండవ చేయి అడుగున. గరాటును పట్టుకొనుటకు మూడవ చేయి కావలెను. అది దేవుడు మనకు ఈయలేదు గనుక ఇంకొక మనిషిని పిలువవలెను. మొదట చమురు ఒక్కుమ్మడిగా దూకి గరాటును పొంగించును. మరుక్షణమే ఆగిపోవును. క్యాను ప్రక్కలు లోనికి నొక్కుకొనును. గుడగుడయని ఒక గాలిబుడగ లోనికి పోవును. అంతట క్యాను చివుక్కుమని పూర్వపు ఆకారమునకు వచ్చి, చమురు మరల ఒక్క తోపుతో చేతులమీదను, బట్టలమీదను, ఇంజనుమీదను పడును. సగము క్యాను అయిపోవువరకు ఇదే తంతు.

దీని కారణము మనయిండ్లలో అందరకును తెలిసినదే. కొబ్బరికాయకు ఒక్క కన్ను పొడిచి బోర్లించినచో నీరు బొట్లుబొట్లుగా రాలును; రెండవకన్ను కూడ పొడిచినచో ధార కట్టును. కూజా మెడ సన్నము గనుక వంచినపుడు గుడగుడలాడును. కొమ్ముచెంబు ఎన్నడును గుడగుడలాడదు. నీరు కొమ్ముగుండ వెలికి పోవుచుండగా పైమూతిగుండ గాలి లోనికి వచ్చుచుండును. బయటికి పోయిన ప్రతి గరిటెడు చమురుకును ఒక గరిటెడు గాలి లోనికి రావలెను. దానికి వేఱుగా దారి ఇయ్యనియెడల, చమురు పోవు దారిలోనే ఎదురువచ్చును. రెండు బండ్లు ఇఱుకు సందులో ఎదురెదురుగా వచ్చినట్లే. మన యంగళ్లలోని క్యానునకు లేనిది ఆ రెండవకన్ను. దాని ఖర్చు కొన్ని రూపాయలకు మించదు.

చమురు క్రిందపడిన పోయినదెంత, గ్లాసెడే గదా యని కొందఱందురు. డీజిలు విషయమున ఆ మాట కొంతవరకు చెల్లును. అదియు పూర్తిగా కాదు. మనదేశపు ప్రమాణము డీజిలునకు కనీస జ్వలనాంకము 35 డిగ్రీలని నిర్ణయించినది. అనగా అంతకు తక్కువ వేడిమిలో నిప్పంటుకొనునంతటి ఆవిరి దానినుండి వెడలరాదు. రెంటచింతలలోను, రామగుండములోను వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుట వింత కాదు. చలిదేశములలో డీజిలును గూర్చి చెప్పిన ధైర్యపు మాటలు వైశాఖమాసమున మన పొలములో నిలువవు. పెట్రోలు సంగతి వేఱు. దాని జ్వలనాంకము సున్నకు 40 డిగ్రీల క్రిందనుండును గనుక మన దేశమున ఏ ఋతువునందైనను, ఏ వేళనైనను అది ఆవిరి విడుచుచునే యుండును. ఆ యావిరి గాలికంటె బరువైనది. పైకి పోదు, నేలను ప్రాకి పల్లమునకు చేరును. పది అడుగుల దూరమున బీడి కాల్చుకొనువాడు తనకేమియు సంబంధము లేదనుకొనును. ఆవిరి వానివద్దకే పోవును.

అన్నిటికంటె భయంకరమైనది స్ప్రేయరు సంగతి. అది వీపునకు తగిలించుకొను యంత్రము. ట్యాంకు చిన్నది, మూతి సన్నది. ఇంజను వేడిమీదనుండగానే, తొందరలో, పెద్ద క్యానునుండి పెట్రోలు వంచుదురు. ఒక గుక్క పొర్లి సైలెన్సరుమీదను, పట్టాలమీదను, చొక్కామీదను పడును. వెంటనే దానిని భుజమున వేసికొని త్రాడు లాగుదురు. అంటుకొన్నయెడల ఆ మంట మనిషి వీపుమీదనే యుండును; పట్టాలు విప్పుకొనుటకు వ్యవధి యుండదు. కావున గ్లాసెడు చమురు పోవుట చిన్న విషయమనువారితో మేము ఏకీభవింపజాలము.

ఈ చిక్కు నేటిది కాదు. దీనికి మందు కనుగొని ఎనుబది యేండ్లు దాటినది. జర్మనీలోని ష్వెల్మ్ పట్టణమున ముల్లర్ కర్మాగారమునకు చెందిన విన్సెంట్స్ గ్రూన్‌ఫోగెల్ అను ఇంజనీరు 1937లో సైన్యముకొఱకు 20 లీటర్ల ఉక్కు క్యాను నొకదానిని రూపొందించెను. దానిని తయారుచేసినవారి ఉద్దేశ్యములను మనము మెచ్చుకొనలేము. నాజీ సైన్యము ఇరుగుపొరుగు దేశములమీద పడుటకు దానిని సిద్ధపరచినది. వస్తువు మాత్రము చూడదగినది. పైన ఒక పిడికి బదులు మూడు పిడులు. ఖాళీ క్యానులైనచో ఒక్కొక్క చేత రెండేసి చొప్పున ఒక్కడే నాలుగింటిని మోయగలడు. నిండు క్యానును ఇద్దఱు చెఱియొక పిడి పట్టి తీసికొనిపోగలరు, వరుసగా నిలిచి ఒకరి చేతినుండి యొకరు అందుకొనగలరు. రెండు రేకులను నొక్కి నడుమ అతుకు వేసిరి. ఆ అతుకు లోనికి దిగియుండును గనుక దెబ్బ తగలదు. ప్రక్కలమీద ఇంటూగుర్తువలె నొక్కిన గాడులు క్యానునకు బలము నిచ్చును. ఎండకు చమురు ఉబ్బినపుడు సాగుటకు చోటు నిచ్చును. పిడుల క్రింద కొంత గాలి నిలుచు తావుండుటవలన పెట్రోలుతో నిండినను క్యాను నీటిమీద తేలును. మూత మరది కాదు. మీటతో బిగియునది, ఒక్క చేతితో తెఱవవచ్చును, పారవేయుటకు వీలులేకుండ క్యానునకే తగిలియుండును. మూతిలోపల ఒక సన్నని గాలిగొట్టము కలదు. క్యానును వంచినపుడు చమురు మూతిగుండ వచ్చుచుండగా గాలి ఆ గొట్టముగుండ లోపలికి పోవును. గుడగుడ లేదు; గరాటుతో పనిలేదు.

అదే కాలమున ఆంగ్లేయ సైన్యము వాడుచుండినది నాలుగు గ్యాలనుల పలుచని తగరపు డబ్బా. మన తాతలనాడు కిరసనాయిలు వచ్చిన డబ్బా కూడ ఆ జాతిదే. కిరసనాయిలు అయిపోయినపిదప పైరేకు కోసి, అడ్డముగా కఱ్ఱ బిగించి నీళ్లు మోసికొనుటకు అది బహు చక్కగా పనికివచ్చెను. రాళ్లదారిలో లారీలో పెట్రోలు మోయుటకు మాత్రము పనికిరాలేదు. ఉత్తరాఫ్రికా యెడారిలో ఆ డబ్బాలలో పంపిన పెట్రోలు రేవునుండి యుద్ధభూమి చేరులోపల నూటికి 30 వంతుల వరకు కారిపోయినదని నాటి సేనానులు చెప్పిరి. అక్కడ 4వ భారత డివిజను వారును పోరాడిరి. ఆ కారిన చమురుమధ్యనే వారును తిరిగిరి. శత్రువువద్ద పట్టుకొన్న ఉక్కు క్యానును సైనికులు బంగారమువలె దాచుకొనుచుండిరట. తుదకు ఆంగ్లేయులు దానిని ఉన్నదున్నట్లు అనుకరించి చేయించుకొనిరి. జర్మనులకు వారు పెట్టిన ఎకసక్కెపు పేరు జెర్రీ. అందువలన దానికి జెర్రీ క్యాను అని పేరు వచ్చెను. నేడు మన యంగడివాడు ప్లాస్టికు క్యానును కూడ జెర్రీ క్యాననుచున్నాడు. పేరు వచ్చినది, గాలిగొట్టము రాలేదు.

ఈ క్యానునకు మనదేశముతో ఒక సంబంధము కలదు. 1939లో పాల్ ప్లైస్ అను అమెరికా ఇంజనీరు జర్మను మిత్రుడొకనితో కలిసి బెర్లినునుండి భూమార్గమున మోటారుకారులో ఇండియాకు బయలుదేఱెను. దారిలో నీటికొఱకని ఆ మిత్రుడు సైనికుల గిడ్డంగినుండి మూడు క్యానులను తెచ్చి కారునకు తగిలించెను. మిత్రుని నడుమనే జర్మనీకి పిలిపించుకొనిరి. ప్లైస్ మాత్రము కలకత్తా చేరి, కారును అక్కడ విడిచి స్వదేశమునకు పోయెను. వాషింగ్టనులోని సైనికాధికారులకు ఆయన క్యానును గూర్చి చెప్పగా వారు మొదట లక్ష్యపెట్టలేదు. తరువాత అనుకరించిరి, కాని ఎట్లనుకొన్నారు? ఆకారము, కొలత, పిడులు నిలుపుకొనిరి. అతుకు మార్చిరి. మీటమూత తీసివేసి మరమూత పెట్టిరి. ఆ క్యానును తెఱచుటకు ఒక పానా, పోయుటకు ఒక గరాటు కావలసివచ్చెను. కంటికి కనబడునదంతయు దించుకొని, పని చేయుదానిని విడిచిపెట్టిరి. ఈ విషయము ముఖ్యముగా గమనింపదగినది. ఏలయన అదే దేశమున అరువది యేండ్ల తరువాత మరల ఇటువంటిదే జరిగినది.

అమెరికాలో ఇండ్లముందు పచ్చిక పెంచుట వాడుక. దానిని కోయు యంత్రమునకు పెట్రోలు పోయుటకు ఇంటింట ఒక ఎఱ్ఱ క్యానుండును. పూర్వము ఆ క్యానునకు ముందు ఒక వంపు గొట్టము, వెనుక ఒక చిన్న గాలిమూత యుండెను; గాలిమూత విప్పి వంచినచో ధార చక్కగా పడుచుండెను. అయితే ఆ గాలిమూతను మూయుట జనులు మఱచుచుండిరి. ప్లాస్టికు గోడలగుండ కూడ కొంత ఆవిరి ఊరి పోవుచుండెను. పెట్రోలు ఆవిరి ఎండలో పొగమంచువంటి కలుషమునకు కారణమగును. అందలి బెంజీను కాన్సరు కలిగించు పదార్థము. ఇండ్లన్నిటినుండి పోవు ఆవిరిని కూడినచో అది తక్కువ లెక్క కాదు. అందుచేత కాలిఫోర్నియా రాష్ట్రము 2001నుండి, ఆ దేశపు పర్యావరణ రక్షణ సంస్థ 2009నుండి క్యానులకు నిబంధనలు విధించినవి. గ్యాలనునకు రోజునకు 0.3 గ్రాములకు మించి ఆవిరి పోరాదు; చేయి తీయగానే మూతి తనంతట మూసికొనవలెను. ఇంతవరకు ఉద్దేశ్యమునందు తప్పు పట్టుటకు ఏమియు లేదు.

తయారుచేయువారు ఈ నిబంధనలను నెఱవేర్చిన విధము మాత్రము విచిత్రముగా నుండెను. వెనుకనున్న గాలిమూతను తీసివేసిరి. చమురును, గాలియు ఒక్క మూతిగుండనే పోవలెను. ఆ మూతికి ఒక స్ప్రింగు. దానిని ట్యాంకు అంచునకు ఆనించి నొక్కినగాని తెఱచుకొనదు. 2008లో వచ్చిన శాసనమువలన పసివారు విప్పలేనట్టి తాళపు మీట యొకటి చేరెను. నిండు క్యానును తలక్రిందుగా పట్టి, ఒక వ్రేలితో తాళము నొక్కుచు, అంత బరువును ట్యాంకు అంచుపై మోపి నొక్కవలెను. పచ్చిక యంత్రపు ట్యాంకు మూతి ప్లాస్టికుది. అది వంగును, క్యాను జారును. పోయువాని కంటికి ట్యాంకు నిండినదో లేదో కనబడదు, మూతియే అడ్డము. ఎండలో ఉబ్బిన క్యానును తెఱవగానే పెట్రోలు చిమ్మును. ఒలుకకుండుటకు చేసిన మూతి ఒలికించుచున్నదని ఆ దేశమున అప్పటినుండి ఇప్పటివరకు ఫిర్యాదులే. అక్కడ స్థిరపడిన తెలుగువారును ఈ మాటయే చెప్పుచున్నారు. పొలము దున్ని యెఱుగనివారు కూడ పచ్చికకు పెట్రోలు పోయుటలో మన కష్టము తెలిసికొనిరి.

అప్పుడు జనులేమి చేసిరి? స్ప్రింగుమూతిని విఱిచి పారవేసి పాతకాలపు గొట్టము తగిలించుకొనిరి. క్యాను వీపున తామే బెజ్జము చేసి గాలిమూత బిగించుకొనిరి. నీళ్ల క్యాననియు, చమురునకు వాడరాదనియు చీటి అంటించి అమ్ము క్యానులను కొని వానిలో పెట్రోలు పోసికొనిరి. ఆవిరి పోకుండుటకు చేసిన నిబంధన, ఆవిరిని ఏమాత్రము ఆపజాలని క్యానులవైపునకే వారిని త్రోసినది. వాడుకొనువాని చేతిని లెక్కింపని రక్షణసాధనమును వాడు ఊడదీయును. కోతయంత్రముల కప్పులను, నూర్పిడి యంత్రపు బెల్టుల తొడుగులను మన పొలములలో ఊడదీసి గట్టున పడవేయుట ఎఱిగినవారికి ఇది క్రొత్త కాదు. నిజమునకు ఆ దేశపు నిబంధనలు గాలిరంధ్రమును నిషేధింపలేదు. తమంతట మూసికొనునట్టి గాలిరంధ్రము పెట్టవచ్చును. ఆ సంగతిని స్పష్టపఱచుచు, గాలిరంధ్రములు పెట్టుడని పర్యావరణ సంస్థయే 2025లో తయారుదారులను ప్రోత్సహించినది.

ఆ దేశమునుండి మనము తీసికొనదగిన మంచి యొకటి కూడ కలదు. 2020 శాసనము ప్రకారము అక్కడి పెట్రోలు క్యానుల మూతిలో మంటను ఆపు జల్లెడవంటి సాధన ముండవలెను. బయటి మంట మూతిగుండ లోనికి దూకి క్యాను ప్రేలకుండ అది అడ్డుకొనును. ఇది 1815లో హంఫ్రీ డేవీ బొగ్గుగనుల దీపమునకు చుట్టిన లోహపు వలలోని సూత్రమే. సన్నని వల మంటలోని వేడిమిని పీల్చి చల్లార్చును. మన యంగడి క్యానులో మేము దీనిని చూడలేదు. వరిపొట్టును, దుమ్మును ఆపుటకైనను అట్టి వల పనికివచ్చును గదా!

మన దేశపు చట్టము సంగతి చెప్పవలెను. దీనిని ఎఱిగినవారు తక్కువ. 1934 నాటి పెట్రోలియము చట్టము ఇప్పటికిని అమలులోనున్నది. అమ్మకమునకు గాక స్వంతమునకు 30 లీటర్లకు మించకుండ పెట్రోలు ఉంచుకొనుటకు లైసెన్సు అక్కఱలేదు. కాని అది గట్టి మూతగల గాజు, పింగాణి లేక లోహపు పాత్రలలో నుండవలెనని చట్టము చెప్పుచున్నది. గాజు, పింగాణి పాత్రలు ఒక లీటరునకును, లోహపు పాత్రలు 25 లీటర్లకును మించరాదు. ప్లాస్టికు మాట అందు లేదు. 2002 నాటి నియమముల ప్రకారము ఒక లీటరు దాటిన పెట్రోలు పాత్రలును, అయిదు లీటర్లు దాటిన డీజిలు పాత్రలును పేలుడు పదార్థముల ప్రధాన నియంత్రణాధికారి ఆమోదించిన జాతివి కావలెను. పెట్రోలు పాత్రలో నూటికి 5 వంతులు ఖాళీ విడువవలెను. ఈ ఖాళీ ఊరక చెప్పినది కాదు. 20 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 380 మిల్లీలీటర్లు పెరుగును. అంచువరకు నింపించుకొన్నవాని క్యానులో అది పోవుటకు చోటెక్కడ?

డీజిలునకు చట్టము చాల ఉదారముగా నున్నది. స్వంతమునకు 2,500 లీటర్లవరకు లైసెన్సు లేకుండ ఉంచుకొనవచ్చును. అయినను బంకువద్ద క్యానుతో నిలిచిన సేద్యగానిని అనుమానముతో చూచి త్రిప్పిపంపుట జరుగుచున్నది. బంకువారి భయమును మేము కాదనము. నీళ్లసీసాతోను, మందు క్యానుతోను వచ్చినవానికి పోయకుండుట న్యాయమే. అయితే తగిన క్యాను ఏదో, అది ఎక్కడ దొరకునో చెప్పువారు లేనపుడు, వద్దనుట ఒక్కటియే చాలదు. ట్రాక్టరును చేనినుండి తీసి, ఆరు మైళ్లు నడిపించి, బంకువద్ద నింపించుకొని మరల చేనికి తెచ్చుటలో ఎంత డీజిలు వృథా యగునో సభ్యులు ఎఱుగుదురు.

ఇందుకు సంఘము చేయగలిగినది కొంత కలదు. సైనికజాతి ఉక్కు క్యాను పెద్ద పట్టణములలో నేటికిని దొరకుచున్నది. దాని వెల ప్లాస్టికు క్యానునకు అనేక రెట్లు. ఒక్కొక్కడు పోయి కొనలేడు. ఎరువులను, విత్తనములను కలిసి కొనినట్లే వీనిని కూడ సంఘము ద్వారా మొత్తముగా తెప్పింపవచ్చును. స్ప్రేయరునకు మాత్రము 20 లీటర్ల క్యాను ఎన్నడును తగదు. సన్నని మూతి, తనంతట మూసికొను మూత గల రెండు మూడు లీటర్ల చిన్న లోహపు పాత్ర వేఱుగా నుండవలెను. నూనె కలిపిన పెట్రోలును అందులోనే ఉంచినచో, కలుపనిది పొరపాటున పోసి ఇంజను పట్టివేయుట కూడ తప్పును.

పెద్ద క్యానును ఎత్తకుండగనే పని జరుపుకొను మార్గము కూడ గలదు. గొట్టపు కొసన గోలీ గల పీల్పుడుగొట్టము చమురు అంగళ్లలో దొరకుచున్నది. క్యానును ట్యాంకుకంటె ఎత్తున, బండిమీదనో గట్టుమీదనో పెట్టి, ఆ కొసను చమురులో ముంచి నాలుగు మారులు క్రిందికి మీదికి ఆడించినచో ధార మొదలగును. గొట్టమును నోట పెట్టి పీల్చు అలవాటును మాత్రము నేటితో విడువవలెను. డీజిలు ఒక గుక్క ఊపిరితిత్తులలోనికి పోయినచో అది జ్వరముతో పోవునది కాదు.

నింపించుకొనునపుడు క్యానును ఆటోలోను, ట్రాలీలోను ఉంచి నింపరాదు, నేలమీద దింపవలెను. ప్లాస్టికు పఱపుమీదనున్న క్యానులో చమురు పడుచుండగా విద్యుత్తు పుట్టి నిలిచి, బంకు గొట్టపు కొస తగులగానే రవ్వ లేచును. నేలమీదనున్నచో అది నేలలోనికి పోవును. లోహపు గొట్టపు కొసను క్యాను మూతికి ఆనించియే పోయవలెను. ఇంజను చల్లారువరకు పెట్రోలు పోయరాదు. క్యానుమీద పెట్రోలు అనిగాని, డీజిలు అనిగాని రంగుతో పెద్ద యక్షరములతో వ్రాయవలెను. చదువురాని కూలివారికొఱకు మూతకు ఎఱ్ఱగుడ్డయో, పచ్చగుడ్డయో కట్టుట మేలు.

రాబోవు సర్వసభ్య సమావేశమునాడు గోదాము ముందర అంగడి ప్లాస్టికు క్యాను నొకదానిని, ఉక్కు క్యాను నొకదానిని, గాలిమూత బిగించిన వేఱొకదానిని నీళ్లతో నింపి యుంచుదుము. ట్రాక్టరు ట్యాంకు ఎత్తున ఒక బక్కెట కూడ నుండును. సభ్యులు స్వయముగా ఎత్తి, వంచి, నేలమీద ఎంత ఒలికినదో చూచి, తమకు ఏది కావలెనో, ఎన్ని కావలెనో గుమాస్తావద్ద వ్రాయింపవలెను. చేలలో నిజముగా పోయుచున్నవారు గనుక కూలివారినిగూడ వెంటబెట్టుకొని వచ్చుట మంచిది. పేర్లు పదిహేను రోజులలోపల అందినయెడల దమ్ముల కాలమునకు ముందే తెప్పించుటకు వీలుకలుగును.